‘ఆత్మహత్యా మొలక’: కలుపు విత్తన పరిభాషలోని రూపకాలు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

నేలలో దాగిన కలుపు విత్తనాలను రసాయనాలతో ముందుగానే మొలకెత్తించి, ఆతిథేయి మొక్క దొరకని స్థితిలో నశింపజేయడం కలుపు విజ్ఞానంలో ఒక పద్ధతి. ఇంగ్లీషులో దీనికి ‘సూయిసైడల్ జెర్మినేషన్’ అన్న పేరు స్థిరపడింది. దీన్ని మాటకు మాటగా తెలుగులోకి తెస్తే ‘ఆత్మహత్యా మొలక’ అవుతుంది. ఈ పదంతో పాటు ‘సుప్తావస్థ’, ‘విత్తన బ్యాంకు’ వంటి పదాలలోని రూపకాలను, వాటికి ఎదురుగా నిలిచే ‘జొన్నమల్లె’ వంటి రైతు పదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అనువాద పరిభాషలో రూపకం శాస్త్రార్థాన్ని ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో, తెలుగు క్రియావ్యవస్థ దాన్ని ఎలా సరిదిద్దగలదో నిరూపించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: కలుపు, జొన్నమల్లె, సుప్తావస్థ, విత్తన నిల్వ, పరిభాష, రూపకం, ప్రేరణార్థకం, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

శాస్త్ర పరిభాషను గురించి తెలుగులో జరిగిన చర్చ ఎక్కువగా సంస్కృతమా, తెలుగా, ఇంగ్లీషా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. పదం ఏ భాషనుండి వచ్చిందన్నది చూశారు. ఆ పదం తనతో ఏ రూపకాన్ని మోసుకొచ్చింది, ఆ రూపకం తెలుగు నేలమీద ఏమవుతుంది అన్నది అంతగా చూడలేదు. మూలభాషలో వాడి వాడి అరిగిపోయిన రూపకం అనువాదంలో మళ్ళీ పదునెక్కుతుంది. ఇంగ్లీషు పాఠకుడికి సాంకేతిక పదంగా మాత్రమే వినిపించే మాట తెలుగు పాఠకుడికి వాచ్యార్థంతో వినిపిస్తుంది.

వ్యవసాయ పరిభాష విషయంలో ఈ సమస్య మరింత సున్నితమైనది. ఈ పదాలు తరగతి గదిలో ఆగిపోవు. వ్యవసాయ విస్తరణ కార్యకర్త నోట, రేడియో ప్రసంగంలో, కరపత్రంలో అవి రైతు వద్దకు వెళ్తాయి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటానికి వ్యవసాయాన్నే వస్తువుగా తీసుకోవడం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. వృత్తిలో ఉన్నవారి నోటినుండి పదాలను సేకరించాలన్న దృష్టి ఆ కృషికి పునాది. కొత్త శాస్త్రభావాలకు పేర్లు పెట్టేటప్పుడు ఆ దృష్టి ఎంతవరకు నిలిచిందో తేల్చడానికి ఒక్క భావాన్ని తీసుకుని లోతుగా చూడడం మేలు. అందుకు కలుపు విత్తనాల బలవంతపు మొలక తగిన ఉదాహరణ.

2. ప్రక్రియ స్వరూపం:

పదాలను విమర్శించే ముందు వాటి వెనుక ఉన్న వస్తువు స్పష్టం కావాలి. స్ట్రైగా ప్రజాతి మొక్కలు జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు వంటి పంటల వేళ్ళను పట్టుకుని బతికే పరాన్నజీవులు. వీటి విత్తనం మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. ఒక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలను రాలుస్తుంది; అవి నేలలో పదేళ్ళకు పైగా సజీవంగా ఉండగలవు. అంత చిన్న గింజలో ఆహార నిల్వ అత్యల్పం. అందువల్ల మొలిచిన కొద్ది రోజులలోనే ఆతిథేయి వేరును చేరుకోకపోతే మొలక చనిపోతుంది. ఈ ప్రమాదాన్ని తప్పించుకోవడానికే ఆ విత్తనం తడి, వెచ్చదనం దొరికినంత మాత్రాన మొలవదు. కొన్ని రోజులపాటు తడిలో నాని సిద్ధమై, దగ్గరలో వేరు ఉన్నదని తెలిపే రసాయన సంకేతం అందినప్పుడే మొలుస్తుంది.

ఆ సంకేతాలలో మొదటిదాన్ని 1966లో పత్తి వేళ్ళ స్రావాలనుండి వేరుచేశారు. దాని పేరు స్ట్రైగాల్. పత్తి స్ట్రైగాకు ఆతిథేయి కాదు. అంటే పత్తి వేరు పిలుస్తుంది కాని తిండి పెట్టదు. ఇలాంటి పంటలను వేసి స్ట్రైగా విత్తనాలను వృథాగా మొలిపించవచ్చన్న ఆలోచన వ్యవసాయంలో అప్పటికే ఉన్నది. పంట చేసే పనిని రసాయనంతోనే చేయించవచ్చు కదా అన్నది తరువాతి ప్రశ్న. 1970ల మధ్యలో జి.ఆర్.24 వంటి కృత్రిమ సంయోగపదార్థాలు ఆ ప్రశ్ననుండి పుట్టాయి.

క్షేత్రస్థాయిలో పెద్ద ఎత్తున వాడిన రసాయనం మాత్రం ఎథిలీన్ వాయువు. అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరొలైనా రాష్ట్రాల మొక్కజొన్న పొలాలలో 1956లో స్ట్రైగాను గుర్తించారు. మొత్తంమీద నాలుగు లక్షల ఎకరాలకు పైగా భూమిలో అది బయటపడింది. ప్రభుత్వం దిగ్బంధన నిబంధనలు విధించి నిర్మూలన కార్యక్రమం చేపట్టింది. స్ట్రైగా విత్తనాలను ఎథిలీన్ మొలిపిస్తుందని 1970లో వెల్లడి కావడంతో, ట్రాక్టరుకు అమర్చిన గొట్టాల ద్వారా ఆ వాయువును నేలలోకి ఎక్కించే పద్ధతి ఆచరణలోకి వచ్చింది. దశాబ్దాల కృషి తరువాత ఆ కలుపు కొద్ది వేల ఎకరాలకు కుంచించుకుపోయింది. ఈ విజయాన్ని ఒక్క ఎథిలీన్‌కే కట్టబెట్టడం సరికాదు. పొలం పొలం తిరిగి చేసిన సర్వేలు, యంత్రాల కదలికపై ఆంక్షలు, కలుపు మందులు, అన్నిటికీ మించి దీర్ఘకాలం ఆగకుండా అందిన ప్రభుత్వ ధనం దీనిలో భాగస్వాములు.

3. పేరులోని జ్ఞానం – మంత్రగత్తె, మల్లె:

స్ట్రైగా అన్న లాటిన్ మాటకు మంత్రగత్తె అని అర్థం. ఇంగ్లీషు వాడుక పేరు ‘విచ్‌వీడ్’ కూడా ఆ అర్థాన్నే కొనసాగిస్తుంది. నేలపైకి కనిపించకముందే వేరునుండి సారాన్ని లాగి పైరును వడలగొట్టే స్వభావం ఈ పేరుకు కారణం. ఇక్కడ పేరు ఒక నేరారోపణ.

తెలుగు రైతు దీన్ని ‘జొన్నమల్లె’ అన్నాడు. ఈ ప్రాంతపు స్ట్రైగా ఎక్కువగా తెల్లని పూలు పూస్తుంది. పేరులోని ‘మల్లె’ ఆ తెలుపునుండి వచ్చినట్లు తెలుస్తూనే ఉన్నది. కరొలైనాలో వ్యాపించిన స్ట్రైగా పూలు ఎర్రనివి. అక్కడ ఈ పేరు పుట్టే అవకాశమే లేదు. నష్టం చేసే మొక్కకు కూడా దాని పూవును చూసి పేరు పెట్టడం అమాయకత్వంగా తోచవచ్చు. కాని ఈ సమాసంలోని పూర్వపదాన్ని గమనించాలి. ‘జొన్న’ అన్న పదం ఆతిథేయిని చెబుతున్నది. పొగాకు వేళ్ళపై బతికే ఒరబాంకికి ‘పొగాకు మల్లె’ అన్న పేరు కూడా ఇదే నిర్మాణంలో ఉన్నది. పూర్వపదం ఆతిథేయిని, ఉత్తరపదం పరాన్నజీవి వర్గాన్ని సూచించే పేరు ఇది. ఒక రకంగా ఇది రైతు చేసిన ద్వినామీకరణం.

ఇందులో మరొక విశేషం ఉన్నది. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం స్ట్రైగాను ఒక కుటుంబంలో, ఒరబాంకిని వేరొక కుటుంబంలో ఉంచారు. డి.ఎన్.ఎ. ఆధారంగా జరిగిన వర్గీకరణ తరువాత స్ట్రైగా కూడా ఒరబాంకి కుటుంబంలోకి చేరింది. తెలుగు రైతు ఆ రెండింటినీ అంతకుముందే ‘మల్లె’ అన్న ఒకే మాట కిందికి తెచ్చాడు. దీన్ని రైతు ముందే కనిపెట్టిన జన్యుశాస్త్రంగా పొగడడం అతిశయోక్తి. రైతు చూసింది వంశబంధుత్వాన్ని కాదు, వేరును పట్టుకుని బతికే తీరును. అయితే పరిశీలననుండి పుట్టిన పేరు శాస్త్రం మారినా చెల్లుతూనే ఉంటుందని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. పాఠ్యగ్రంథాలలో ‘స్ట్రైగా’ అని మాత్రమే రాసి ‘జొన్నమల్లె’ను వదిలేస్తే పోయేది ఒక మాండలిక పదం కాదు, ఒక పరిశీలన.

‘కలుపు’ అన్న మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘కలుపు’ అన్న సకర్మక క్రియతో రూపసామ్యం ఉండడం వల్ల, పైరులో కలిసిపోయేది కనుక కలుపు అని వ్యుత్పత్తి చెప్పాలనిపిస్తుంది. కాని తమిళంలో ‘కళై’, కన్నడంలో ‘కళె’ అన్న పదాలు కలుపు మొక్కను, దాన్ని తీసివేయడాన్ని కూడా తెలుపుతున్నాయి. వాటితో పోల్చిచూస్తే తెలుగు నామవాచకం ‘కలియు’ ధాతువుకంటె ఈ పదాలకే దగ్గరిదిగా తోస్తుంది. రూపకం లేనిచోట రూపకాన్ని చూడడం కూడా విమర్శకుడు తప్పించుకోవలసిన దోషమే.

4. నిద్రా, నిరీక్షణా?

విత్తనం మొలవకుండా ఉండే స్థితికి తెలుగు పాఠ్యగ్రంథాలలో ‘సుప్తావస్థ’ అన్న పదం స్థిరపడింది. నిద్ర అన్న రూపకం ఇంగ్లీషు, లాటిన్ పదాలలోనూ ఉన్నదే. ఈ పదం చాలా సందర్భాలలో పని చేస్తుంది. 1879లో విలియం బీల్ మిషిగన్‌లో ఇరవై సీసాలలో కలుపు విత్తనాలను పూడ్చిపెట్టాడు. వాటిలో ఒక సీసాను 2021లో తవ్వితీసినప్పుడు కూడా కొన్ని విత్తనాలు మొలిచాయి. ఇంతటి దీర్ఘస్థితిని నిద్ర అనడంలో కవితాన్యాయం ఉన్నది.

శాస్త్రన్యాయం మాత్రం వేరు. మొలవకపోవడం రెండు విధాలు. తగిన తడి, వేడి, గాలి ఉన్నా లోపలి అడ్డంకి వల్ల మొలవకపోవడం ఒకటి. లోపల ఏ అడ్డంకీ లేకపోయినా బయటినుండి అందవలసినది అందక ఆగిపోవడం రెండవది. మొదటిదాన్ని సుప్తావస్థ అనవచ్చు. రెండవదాన్ని నిద్ర అనడం కుదరదు; అది నిరీక్షణ. తడిలో నాని సిద్ధమైన జొన్నమల్లె విత్తనం రెండవ స్థితిలో ఉన్నది. వేరు పంపే సంకేతాన్ని గుర్తించే వ్యవస్థ దానిలో పనిచేస్తూనే ఉన్నది. 2018లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన స్ఫైనోలాక్టోన్-7 అన్న సంయోగపదార్థానికి అత్యంత స్వల్ప సాంద్రతలో కూడా స్ట్రైగా విత్తనాలు స్పందించాయి. అంత సూక్ష్మంగా చెవి ఒగ్గి ఉన్నదాన్ని నిద్రపోతున్నది అనలేము.

ఇది మాటల పట్టింపు కాదు. ‘నిద్ర’ అన్నప్పుడు రసాయన ప్రయోగం ‘మేల్కొలుపు’ అవుతుంది. మేల్కొలుపుకు ఏ సమయమైనా సరిపోతుంది. ‘నిరీక్షణ’ అన్నప్పుడు విత్తనం ముందుగా సిద్ధమై ఉండాలన్న నియమం గుర్తుకువస్తుంది. పొడినేలలో నానని విత్తనంపై ఎథిలీన్ ప్రయోగించినా ప్రయోజనం లేదు. ఈ పద్ధతి సఫలమవుతుందా లేదా అన్నది ఆ ఒక్క నియమంపై ఆధారపడి ఉండగా, పాఠ్యపదం దాన్నే మరుగుపరుస్తున్నది.

5. బ్యాంకా, నిల్వా?

నేలలో పోగుపడిన సజీవ విత్తనాల మొత్తాన్ని ఇంగ్లీషులో ‘సీడ్ బ్యాంక్’ అంటారు. తెలుగులో ‘విత్తన బ్యాంకు’ అన్న మాట ఇప్పటికే మరొక అర్థంలో స్థిరపడింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు తమ చిరుధాన్యాల, పప్పుల విత్తనాలను భద్రపరచి ఇచ్చిపుచ్చుకునే ఏర్పాట్లు విత్తన బ్యాంకులుగా ప్రసిద్ధి పొందాయి. అక్కడ బ్యాంకు అంటే ఎంపిక, శ్రమ, నమ్మకం, తిరిగి ఇచ్చే బాధ్యత. నేలలోని కలుపు విత్తనాల పోగుకు ఈ లక్షణాలేవీ లేవు. దాన్ని ఎవరూ దాచలేదు, ఎవరూ తీసుకోరు.

ఒకే మాట రెండు విరుద్ధార్థాలలో తిరిగితే తరగతి గదిలో అయోమయం కలుగుతుంది. ‘విత్తన బ్యాంకును ఖాళీ చేయడం ఎలా’ అన్న శీర్షికను ఆ సంఘాల మహిళలు ఏమని చదువుకుంటారో ఊహించడం కష్టం కాదు. ‘నేలలోని విత్తన నిల్వ’ అన్న మాట సాదాగా ఉన్నా స్పష్టమైనది. ‘నిల్వ’ శబ్దానికి ఉద్దేశంతో పని లేదు. నీరు నిలిచినా నిల్వే, ధాన్యం నిలిపినా నిల్వే.

6. కర్త కనిపించని ‘ఆత్మహత్య’:

ప్రధాన పదం ‘ఆత్మహత్యా మొలక’. దీన్ని వ్యాకరణం, శాస్త్రార్థం, సామాజిక సందర్భం అన్న మూడు వైపులనుండి పరిశీలించాలి.

వ్యాకరణ దృష్టి: చిన్నయసూరి బాలవ్యాకరణం సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని విభజించింది. ‘ఆత్మహత్యాయత్నం’ పూర్తిగా సాంస్కృతిక సమాసం. అక్కడ దీర్ఘం సహజం. ఆ సామ్యంతో ‘ఆత్మహత్యా’ అన్న దీర్ఘాంత రూపాన్ని ‘మొలక’ అన్న తెలుగు మాటకు తగిలిస్తే వైరిసమాసం అవుతుంది. ‘ఆత్మహత్య మొలక’ అంటే మిశ్రసమాసంగా సరిపెట్టుకోవచ్చు. ‘ఆత్మహత్యాంకురణం’ నిర్దుష్టమే. అయితే ఇలాంటి వైరిసమాసాలు వాడుకలో ఎన్నో నిలిచాయి కనుక ఈ ఒక్క కారణంతో పదాన్ని తిరస్కరించనవసరం లేదు. అసలు చిక్కు అర్థంలో ఉన్నది.

శాస్త్రార్థ దృష్టి: ఇక్కడ ఒక ప్రతివాదం సాధ్యం. వృక్షశాస్త్రంలో ‘ఆత్మపరాగసంపర్కం’ అన్న పదం ఉన్నది. అందులోని ‘ఆత్మ’ శబ్దం పువ్వుకు ఉద్దేశాన్ని అంటగట్టడం లేదు. తనలో తాను అన్న అర్థాన్ని మాత్రమే ఇస్తున్నది. అదే తీరున ‘ఆత్మహత్య’ను కూడా ఉద్దేశరహితంగా గ్రహించవచ్చు కదా అనవచ్చు. ఈ వాదం నిలవదు. ఆత్మపరాగసంపర్కంలో క్రియ నిజంగానే తననుండి తనకు జరుగుతున్నది. ఇక్కడ విత్తనం తనను తాను చంపుకోవడం లేదు. అది సంకేతానికి స్పందించి మొలిచింది. ఆ సంకేతం అబద్ధం. వేరు లేకపోవడంతో, ఉన్న కాస్త ఆహారం అయిపోయి ఆకలితో చనిపోయింది. ఉద్దేశాన్ని పక్కనపెట్టినా ‘తనను తాను’ అన్న అర్థమే ఇక్కడ అసత్యం. పైగా సంకేతాన్ని సృష్టించి నేలలోకి ఎక్కించినవాడు పదంలో ఎక్కడా లేడు. చంపినవాడు వాక్యంనుండి తప్పుకున్నాడు. చనిపోయినదే కర్త స్థానంలో మిగిలింది.

సామాజిక దృష్టి: తెలుగునాట ‘పొలం’, ‘మందు’, ‘ఆత్మహత్య’ అన్న మూడు మాటలు ఒకచోట చేరితే వినేవారికి తోచే అర్థం ఒక్కటే. 1997-98లో వరంగల్లు ప్రాంతంలో పత్తి పంట దెబ్బతిని, అప్పుల భారంతో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారిలో చాలామంది పురుగుల మందు తాగారు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా తెలుగు కథలో, కవితలో, నవలలో ఈ దుఃఖం ఒక ప్రధాన వస్తువుగా కొనసాగింది. జొన్నమల్లెను వృథాగా మొలిపించగల పంటలలో పత్తి కూడా ఒకటి. పత్తి పాఠం చెబుతూ ‘ఆత్మహత్య’ అన్న మాటను కలుపు విత్తనానికి వాడే అధ్యాపకుడి ఎదుట, ఆ మాటను ఇంట్లో విన్న విద్యార్థి కూర్చుని ఉండవచ్చు.

దీన్ని సున్నితమనస్కుల అభ్యంతరంగా మాత్రమే తీసుకోరాదు. రైతుల మరణాల చర్చలోనూ ఇదే భాషాసమస్య ఉన్నది. ‘ఆత్మహత్య’ అన్న పదం హత్యాక్రియను మరణించినవాడిలోనే ముగిస్తుంది. తెలుగు పత్రికలు అదే సందర్భంలో ‘బలవన్మరణం’ అన్న మాటను కూడా వాడుతున్నాయి. ఆ మాటలో బలవంతం ఉన్నది. బలవంతం అన్నప్పుడు ఎవరి బలం, దేని బలం అన్న ప్రశ్న ఉన్నది. మనిషి మరణం విషయంలోనే కర్తను దాచే పదానికి ప్రత్యామ్నాయాన్ని భాష వెతుక్కున్నది. అలాంటప్పుడు విత్తనం విషయంలో కర్తను దాచే పదాన్ని కొత్తగా అరువు తెచ్చుకోవడం అనవసరం. పైగా కలుపు విత్తనానికి ఆ మాటను తేలికగా వాడడం మనిషికి వాడినప్పటి బరువును తగ్గిస్తుంది.

7. రూపకం దాచిన పరిమితులు:

కర్తను దాచే పదం కర్త పెట్టే ఖర్చును కూడా దాచుతుంది. విత్తనమే తనను తాను చంపుకుంటున్నదన్న భావన, ఈ పద్ధతి తేలికైనదన్న భ్రమ కలిగిస్తుంది. వాస్తవం భిన్నం.

మొదటిది, సంకేతం అన్ని కలుపులకూ ఒకటి కాదు. జొన్నమల్లెను మొలిపించే ఎథిలీన్‌కు ఒరబాంకి విత్తనాలు సాధారణంగా స్పందించవు. పరాన్నజీవులు కాని కలుపుల విషయం మరీ క్లిష్టం. అడవి యవల వంటి వాటిపై నైట్రేట్లు, జిబ్బరెల్లిక్ ఆమ్లం ప్రయోగశాలలో పనిచేసినా, పొలంలో విత్తనాలన్నీ ఒక్కసారి మొలవవు. మొలిచినవి కూడా వాటంతట అవి చావవు. ఆకుపచ్చని మొక్కలు కనుక వాటిని మళ్ళీ దున్నో, మందు కొట్టో చంపాలి. తుంగ ప్రధానంగా దుంపలతో వ్యాపిస్తుంది. దానిపై ఈ పద్ధతికి పట్టు లేదు.

రెండవది, ఈ సంకేతాలను మొక్కలు కలుపు కోసం విడుదల చేయడం లేదు. స్ట్రైగోలాక్టోన్లు వేరుకు మేలుచేసే శిలీంధ్రాలను పిలిచే సంకేతాలని 2005లో, మొక్కలో కొమ్మల పెరుగుదలను నియంత్రించే హార్మోన్లని 2008లో తెలిసింది. భాస్వరం తక్కువైన నేలలో మొక్క ఈ పిలుపును ఎక్కువగా పంపుతుంది. మిత్రుడికి పంపిన పిలుపును పరాన్నజీవి వింటున్నది. అందుకే నిస్సారమైన నేలలలో, అంటే పేద రైతుల నేలలలో, దీని బెడద ఎక్కువ. ఆఫ్రికాలోని సహారా దిగువ దేశాల జొన్న, సజ్జ రైతులు దీనికి సాక్షులు.

మూడవది, కరొలైనాలో వాడిన యంత్రాలు, వాయువు, ప్రభుత్వ వ్యయం చిన్నకమతాల రైతుకు అందేవి కావు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జొన్నమల్లెను తట్టుకునే జొన్న రకాలను అభివృద్ధి చేసే మార్గాన్ని ఎంచుకోవడానికి కారణం ఇక్కడ అర్థమవుతుంది. సంకేతాన్ని తక్కువగా విడుదల చేసే జొన్న రకాలపై కృషిచేసిన గెబిసా ఎజెటాకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. మందుతో పిలిచి చంపడం ఒక దారి; అసలు పిలవని పైరును పెంచడం మరొక దారి. ఏ దారి ఎవరికి అందుతుందన్నది పాఠంలో చెప్పవలసిన విషయం. ‘ఆత్మహత్య’ అన్న పదం ఆ ప్రశ్నకు చోటివ్వదు.

8. ప్రత్యామ్నాయ పదాల పరిశీలన:

విమర్శ తిరస్కారంతో ఆగరాదు. తెలుగులో ‘ఎర పంట’ అన్న పదం పురుగుల విషయంలో ఇప్పటికే వాడుకలో ఉన్నది. ఆ దారిలో ‘ఎర మొలక’ అనవచ్చు. కాని ఎర పంటలో పంటే ఎర. ఇక్కడ ఎర మొలక కాదు, రసాయనం. సామ్యం పైకి కనిపించినంత సరిగా కుదరదు. ‘అకాల మొలక’ కాలదోషాన్ని చెబుతుంది కాని ఆతిథేయి లేదన్న ప్రధానాంశాన్ని చెప్పదు. ‘వంచితాంకురం’ అర్థానికి సరిపోతుంది. గ్రాంథికపు బరువు ఎక్కువ.

దీనికి సమాధానం నామవాచకంలోకంటె క్రియలో దొరుకుతుంది. తెలుగు క్రియావ్యవస్థ కర్తను దాచనివ్వదు. ‘మొలకెత్తు’ అంటే విత్తనం పని. ‘మొలకెత్తించు’ అంటే దానిచేత ఆ పని చేయించినవాడొకడు ఉన్నాడు. ‘చచ్చు’కు ‘చంపు’ ఉన్నట్లే ఇక్కడ ప్రేరణార్థక ప్రత్యయం బాధ్యతను చోటులో ఉంచుతుంది. తొలకరికి లేచిన కలుపును గుంటక తోలి చంపి, తరువాత విత్తనం వేసే అలవాటు మెట్టరైతుకు కొత్తది కాదు. వరి మడిలో దమ్ము చేయడానికి ముందు కలుపును లేవనివ్వడం కూడా ఆ కోవలోనిదే. కలుపును ముందు మొలవనిచ్చి, ఆ తరువాత చంపడం రైతుకు తెలిసిన తర్కం. రసాయనం వచ్చి ‘మొలవనివ్వడాన్ని’ ‘మొలకెత్తించడం’గా మార్చింది. మార్పు ఎక్కడ జరిగిందో ఈ రెండు క్రియల తేడాలోనే ఉన్నది.

కనుక ప్రక్రియకు ‘మొలకెత్తించి చంపడం’ అన్న మాటనే పరిభాషగా స్వీకరించవచ్చు. ఇది సమాసం కాదు కనుక పరిభాష కాజాలదన్న అభ్యంతరం చెల్లదు. ‘కలుపు తీయడం’, ‘నారు పోయడం’ కూడా సమాసాలు కాకుండానే పరిభాషగా నిలిచాయి. ఫలితాన్ని నామవాచకంగా చెప్పవలసిన చోట ‘మోసపోయిన మొలక’ అనవచ్చు. మోసం కూడా రూపకమే. కాని మోసపోవడం అన్నప్పుడు మోసగించినవాడి ఉనికి అర్థంలోనే ఉంటుంది. రూపకం లేని పరిభాష సాధ్యం కానప్పుడు, వాస్తవాన్ని తక్కువగా వక్రీకరించే రూపకాన్ని ఎంచుకోవడమే ఉచితం.

9. ముగింపు:

ఈ పరిశీలననుండి తేలిన అంశాలు:

• అనువాద పరిభాషలో మూలభాషా రూపకం తిరిగి సజీవమవుతుంది. దాని ఉచితానుచితాలను భాషామూలంతో పాటు సందర్భాన్ని బట్టి కూడా నిర్ణయించాలి.

• ‘జొన్నమల్లె’, ‘పొగాకు మల్లె’ అన్న రైతు పదాలు ఆతిథేయిని, జీవనరీతిని ఒకేసారి తెలుపుతున్నాయి. వీటిని పాఠ్యగ్రంథాలలో ప్రధాన పదాలుగానే నిలపాలి.

• ‘సుప్తావస్థ’ను లోపలి అడ్డంకి ఉన్న స్థితికి పరిమితం చేసి, సంకేతం కోసం ఆగిన స్థితికి ‘నిరీక్షణ’ను వాడడం శాస్త్రీయం.

• కలుపు విత్తనాల విషయంలో ‘విత్తన బ్యాంకు’కు బదులు ‘నేలలోని విత్తన నిల్వ’ అన్న పదం అయోమయాన్ని తొలగిస్తుంది.

• ‘ఆత్మహత్యా మొలక’ వ్యాకరణరీత్యా లోపభూయిష్టం, శాస్త్రరీత్యా అసత్యం, సామాజికంగా అనుచితం. ‘మొలకెత్తించి చంపడం’ అన్న ప్రేరణార్థక ప్రయోగం కర్తను, ప్రక్రియను, క్రమాన్ని స్పష్టంగా చెబుతుంది.

పరిభాషా నిర్మాణం నిఘంటుకారుల పనిగా, రూపక విమర్శ సాహిత్యకారుల పనిగా విడిపోవడం వల్ల రెండూ నష్టపోయాయి. కవితలోని రూపకాన్ని పరీక్షించడానికి తెలుగు శాఖలు అభివృద్ధి చేసుకున్న పనిముట్లు వ్యవసాయ పాఠ్యగ్రంథానికి కూడా పనికివస్తాయి. పొలంలో ఎవరు ఎవరిని చంపారన్నది ఒక పదం సరిగా చెబుతున్నదా లేదా అని అడగడం భాషాధ్యయనం బాధ్యతలలో ఒకటి. ఆ ప్రశ్న కలుపు విత్తనం దగ్గర మొదలైనా, అక్కడే ఆగిపోయేది కాదు.